అందరి ఫోన్లూ ఫుల్ పవర్‌లో పంపితే ఏమవుతుంది?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇదీ. ఎంటెక్ ప్రాజెక్టుకి ఏడు సెల్స్‌తో (సెల్ అంటే ఒక టవర్ చూసుకునే ప్రాంతం) 4జీ అప్‌లింక్‌కి, అంటే ఫోన్ నుంచి టవర్‌కి వెళ్లే దారికి, సిమ్యులేషన్ రాశావు. అందరు యూజర్లకీ 23 డీబీఎం (ఫోన్ పంపగల గరిష్ఠ పవర్) ఇస్తే మొత్తం త్రూపుట్, అంటే సెకనుకి చేరే డేటా, బాగా వచ్చింది, కానీ సెల్ అంచున ఉన్నవాళ్లకి దాదాపు ఏమీ దక్కలేదు. మీ గైడ్ పవర్ కంట్రోల్ పెట్టమన్నారు. పెట్టాక అంచువాళ్లు బాగుపడ్డారు గానీ మొత్తం పడిపోయింది. "పవర్ కంట్రోల్ అంటే నష్టమేనా అన్నా? మొత్తం తగ్గకుండా ఉండే ఆల్గోరిథం ఏదైనా ఉందా?" అని అడిగావు. చివర్లో బీటీఎం లేఅవుట్‌లో మీ పీజీ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఫోన్ ఎందుకంత వేడెక్కుతోందని కూడా అడిగావు. రెండూ ఒకే విషయం, అందుకే కలిపి రాస్తున్నా. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నేను బెంగళూరు వచ్చి పదిహేడేళ్లు. అప్పటినుంచీ రేడియో ఆప్టిమైజేషన్ పనే. కారులో ల్యాప్‌టాప్, నాలుగు ఫోన్లు, జీపీఎస్ పెట్టుకుని డ్రైవ్ టెస్టులకు తిరగడం, రాత్రిళ్లు పారామీటర్లు మార్చడం, తెల్లారగానే కేపీఐలు (నెట్‌వర్క్ పనితీరు అంకెలు) చూసుకోవడం. ఆ అనుభవంతో చెప్తున్నా, నీ కోడ్‌లో పెద్ద తప్పు ఉండకపోవచ్చు. ఎవరికి ఎంత దక్కాలో తేల్చుకోకుండా ఆల్గోరిథం వెతుకుతున్నావు, చిక్కంతా అక్కడుంది. ఒకడి సిగ్నల్ పక్కవాడికి గోల. ఆ గోల ఎవరి మీద ఎంత పడాలో నిర్ణయించడమే పవర్ కంట్రోల్. ఆ నిర్ణయం మనిషి తీసుకోవాలి. ఆల్గోరిథం దాన్ని అమలు చేస్తుందంతే.

శుక్రవారం రాత్రి మడివాళలో ఊరి బస్సు ఎక్కే ఉంటావు. "కడప, కడప" అని ఒకడు, "నెల్లూరు, ఒంగోలు" అని ఇంకొకడు, "తిరుపతి" అని మరొకడు. ఒక్కడే అరిస్తే రోడ్డుకి అవతల ఉన్నవాడికీ వినిపిస్తుంది. పదిమంది అరిస్తే మన చెవి పక్కనున్నవాడి ఊరే వినిపిస్తుంది. అందరూ కలిసి గొంతు రెండింతలు చేసినా మనకి వినపడేది అంతే, వాళ్ల గొంతులు పోవడం తప్ప. సిగ్నల్ ఎంత పెరిగిందో ఇంటర్‌ఫియరెన్సూ అంతే పెరిగింది మరి. మనకి కావలసింది ఆ రెండింటి నిష్పత్తి, అంటే ఎస్‌ఐఎన్‌ఆర్. దాన్ని అందరికీ ఒకేసారి అరుపుతో పెంచలేం.

ఈ బాధని మొదట గట్టిగా చవిచూసింది సీడీఎంఏ నెట్‌వర్కులు. మన దగ్గర 2002-03 ప్రాంతంలో రిలయన్స్ సీడీఎంఏ ఫోన్లు వచ్చాయి చూడు, ఆ టెక్నాలజీ. అందులో అందరూ ఒకే ఫ్రీక్వెన్సీలో, ఒకే సమయంలో మాట్లాడతారు. కోడ్ ఒక్కటే వేరు. టవర్‌కి 100 మీటర్ల దూరంలో ఒకడు, కిలోమీటరు దూరంలో ఇంకొకడు ఉన్నారనుకో. దూరం పదింతలైతే, పాత్‌లాస్ (దారిలో సిగ్నల్ పోగొట్టుకునే బలం) ఎక్స్‌పోనెంట్ 3.5 వేసుకున్నా, నష్టంలో తేడా 35 డీబీ (ప్రతి 10 డీబీకి పదిరెట్లు). అంటే ఇద్దరూ ఒకే పవర్‌తో పంపితే దగ్గరివాడి సిగ్నల్ మూడువేల రెట్లకు పైగా బలంగా చేరుతుంది. ఐఎస్-95 అనే సీడీఎంఏ ప్రమాణంలో 9.6 కేబీపీఎస్ వాయిస్‌కి ప్రాసెసింగ్ గెయిన్ (కోడ్ వల్ల సొంత సిగ్నల్‌కి కలిసొచ్చే బలం) 128 రెట్లు, అంటే 21 డీబీ. 35లో 21 పోగా దూరంవాడు ఇంకా 14 డీబీ కిందే ఉన్నాడు. దగ్గరివాడొక్కడు చాలు, వాడి కాల్ కలవకుండా చెయ్యడానికి. నియర్-ఫార్ సమస్య అని పుస్తకాల్లో చదివింది ఇదే. దగ్గరివాడు 35 డీబీ తగ్గించుకుంటే ఇద్దరూ టవర్‌కి సమానంగా వినిపిస్తారు, ఇంకా పాతికమందికి దాకా చోటు దొరుకుతుంది. అందుకే ఆ సిస్టంలో టవర్ ప్రతి ఫోన్‌కీ సెకనుకి 800 సార్లు "పెంచు" లేదా "తగ్గించు" అని చెప్తుంది. 3జీ డబ్ల్యూసీడీఎంఏ వచ్చేసరికి అది సెకనుకి 1500 సార్లయింది. ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ మీద 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నా, 2.1 గిగాహెర్ట్జ్‌లో ఫేడింగ్ (కదులుతుంటే సిగ్నల్ ఎగుడుదిగుడు కావడం) మారడానికి రెండుమూడు మిల్లీసెకన్లు పడుతుంది. ఈ లూప్ మిల్లీసెకనుకంటే తక్కువలోనే ఇంకో ఆదేశం ఇస్తుంది కాబట్టి దాన్ని అందుకోగలదు. 4జీలో ఈ పరుగు మానేశారు. అక్కడ పవర్ కంట్రోల్ నెమ్మదిగా నడుస్తుంది, వేగంగా మారే ఫేడింగ్ సంగతి షెడ్యూలర్ (ఏ క్షణంలో ఎవరు పంపాలో తేల్చేది), మాడ్యులేషన్ (సిగ్నల్ మీద ఎన్ని బిట్లు ఎక్కించాలన్నది) మార్పులు చూసుకుంటాయి.

ఇక నువ్వు కోడ్ రాసిన ఆల్గోరిథం. పేరు చెప్పలేదు గానీ, "టార్గెట్ ఎస్‌ఐఎన్‌ఆర్‌ని ప్రస్తుత ఎస్‌ఐఎన్‌ఆర్‌తో భాగించి పవర్‌ని గుణించాను" అన్నావు కాబట్టి అది 1993లో బెల్ ల్యాబ్స్‌లో ఫోషిని, మిల్జానిక్ ఇచ్చినదే. దాన్ని కాగితం మీద ఒక్కసారి చేత్తో చెయ్యి. రెండు లింకులు (లింక్ అంటే ఒక ఫోన్, దాని టవర్) తీసుకో. తన లింక్ గెయిన్ (పంపిన పవర్‌లో అవతలికి చేరే వంతు) 1, పక్కలింక్ నుంచి పడే గెయిన్ 0.2, నాయిస్ 0.1, ఇద్దరి టార్గెట్ 2. ఇద్దరూ పవర్ 1తో మొదలుపెడితే ఎస్‌ఐఎన్‌ఆర్ 1 / 0.3, అంటే 3.33. టార్గెట్‌కంటే ఎక్కువే ఉంది కాబట్టి ఇద్దరూ 0.6కి దిగుతారు. తర్వాత 0.44, తర్వాత 0.376, తర్వాత 0.350, అలా దిగి దిగి 0.333 దగ్గర ఆగుతుంది. ఇద్దరికీ కావలసినది వచ్చింది, పవర్ మాత్రం మూడోవంతే ఖర్చయింది. ఎవరూ ఎవరితో మాట్లాడుకోలేదు, ఎవడి కొలత వాడు చూసుకున్నాడు. ఈ లెక్క నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

ఇప్పుడు టార్గెట్ 6 పెట్టు. పవర్ 1 నుంచి 1.8, 2.76, 3.91 అంటూ ఎక్కుతూనే పోతుంది, ఆగదు. ఎందుకంటే నాయిస్‌ని పూర్తిగా మరిచిపోయినా, ఎంత పవర్ పెట్టినా, ఇక్కడ ఇద్దరికీ కలిపి దొరికే గరిష్ఠ ఎస్‌ఐఎన్‌ఆర్ 1 / 0.2, అంటే 5. ఆరు అడగడమంటే లేనిది అడగడం. నిజమైన ఫోన్లకి పైన ఒక మూత ఉంటుంది గనక ఎక్కినవాళ్లంతా 23 డీబీఎం దగ్గర గుమికూడతారు. నీ లాగ్ తెరిచి చూడు. చాలామంది యూజర్లు సరిగ్గా 23 దగ్గర ఇరుక్కుని ఉంటే నీ టార్గెట్ అందని ద్రాక్ష అని అర్థం. అప్పుడు రెండే దారులు. టార్గెట్ దించాలి, లేదా కొందరిని ఆ స్లాట్‌లో ఆపాలి. 1995లో యేట్స్ ఈ తరహా ఆల్గోరిథాలన్నిటికీ కలిపి ఒక చట్రం ఇచ్చాడు. సాధ్యమయ్యే టార్గెట్ అయితే ఎక్కడ మొదలుపెట్టినా ఒకే చోటికి చేరతావని రుజువు అందులో ఉంది. సాధ్యం కానప్పుడు ఎవరిని ఆపాలో మాత్రం ఏ సిద్ధాంతమూ నీ బదులు చెప్పదు.

4జీ దీన్ని వేరేగా పట్టుకుంది. నా దృష్టిలో ఇంజనీర్లు చేసిన మంచి రాజీల్లో ఇదొకటి. సూత్రం తెలుగులో రాస్తా: ఫోన్ పవర్ = పీ-నాట్ + ఆల్ఫా × పాత్‌లాస్ + 10 లాగ్ (ఆర్‌బీల సంఖ్య), దాని మీద టవర్ ఇచ్చే చిన్న చిన్న దిద్దుబాట్లు, మొత్తం 23 డీబీఎం దాటకూడదు. పీ-నాట్ అంటే టవర్ పెట్టే పునాది విలువ, ఆల్ఫా అంటే పాత్‌లాస్‌లో ఎంత వంతు భర్తీ చెయ్యాలన్నది, ఆర్‌బీ అంటే ఫోన్‌కి ఇచ్చే చిన్న ఫ్రీక్వెన్సీ ముక్క. పాత్‌లాస్ ఫోనే లెక్కేసుకుంటుంది. టవర్ తన రిఫరెన్స్ సిగ్నల్ పవర్ ఇంత అని ప్రసారం చేస్తుంది, 15 డీబీఎం అనుకో. ఫోన్‌కి మైనస్ 75 అందితే పాత్‌లాస్ 90. మైనస్ 110 అందితే 125.

ఆల్ఫా 1, పీ-నాట్ మైనస్ 100 అనుకుందాం. 125 పాత్‌లాస్ ఉన్నవాడికి ఒక్క ఆర్‌బీకే 25 డీబీఎం కావాలి. అది వాడి వల్ల కాదు. 23 దగ్గర మూత పడుతుంది, ఆ 23తోనే పక్క సెల్ మీదా గోల పోస్తాడు, ఎందుకంటే అంచున ఉన్నవాడు పక్క టవర్‌కీ దగ్గరే. ఇప్పుడు ఆల్ఫా 0.8, పీ-నాట్ మైనస్ 80 చెయ్యి. దగ్గరివాడికి పది ఆర్‌బీలిస్తే 10 − 80 + 72, అంటే 2 డీబీఎం, ఒకటిన్నర మిల్లీవాట్ చాలు. అంచువాడికి రెండు ఆర్‌బీలిస్తే 3 − 80 + 100, సరిగ్గా 23. టవర్ దగ్గర చూస్తే ఒక్కో ఆర్‌బీలో దగ్గరివాడు మైనస్ 98, అంచువాడు మైనస్ 105. నాయిస్ ఫ్లోర్ (ఎవరూ మాట్లాడకపోయినా ఉండే గోల) సుమారు మైనస్ 118 కాబట్టి ఒకరికి 20 డీబీ, ఇంకొకరికి 13. పాత్‌లాస్‌లో 35 డీబీ తేడా ఉంటే టవర్ దగ్గర తేడా 7 డీబీ మాత్రమే మిగిలింది. ఆ ఏడు ఎక్కడిదంటే, 35లో మనం భర్తీ చెయ్యకుండా వదిలిన 0.2 వంతు. "దూరంవాడికి సాయం చేస్తాం, కానీ పూర్తిగా కాదు, ఎందుకంటే పూర్తి సాయం పక్క సెల్‌వాడి నెత్తిన పడుతుంది" అన్న మాటకి అంకె రూపం ఆల్ఫా. స్టాండర్డ్‌లో దానికి ఎనిమిది విలువలే ఉన్నాయి: 0, ఆ తర్వాత 0.4 నుంచి 1 దాకా 0.1 చొప్పున. 5జీలోనూ ఇదే సూత్రం నడుస్తోంది.

పీ-నాట్ ముట్టుకోవడం ఎంత ప్రమాదమో నాకు మారతహళ్ళి దగ్గర తెలిసింది. 4జీ కొత్తగా వచ్చిన రోజులు. రింగు రోడ్డు పక్క ఒక టెక్ పార్కు నుంచి అప్‌లోడ్ నెమ్మదిగా ఉందని ఫిర్యాదు. నేను మూడు సైట్లలో పీ-నాట్ 6 డీబీ పెంచాను. మర్నాడు ఆ మూడు సైట్ల గ్రాఫులు చక్కగా లేచాయి, మేనేజరు మెచ్చుకున్నారు. మూడోరోజు చుట్టూ ఉన్న సైట్లలో అప్‌లింక్ నాయిస్ నాలుగైదు డీబీ పెరిగి కనిపించింది. పక్క క్లస్టర్ (టవర్ల గుంపు) చూసే కుర్రాడు, నేను చేసింది తెలియక, తన సైట్లలోనూ పీ-నాట్ పెంచాడు. వాడిది పెరిగితే మళ్లీ నాది పడింది. వారం తిరిగేసరికి ఆ ప్రాంతమంతా 6 డీబీ పైన ఉంది, అప్‌లోడ్ మాత్రం మొదట ఎంతుందో అంతే. మారిందల్లా ఫోన్లు పంపే పవర్ హెడ్‌రూమ్ రిపోర్టులు. "నా దగ్గర ఇంకా ఇంత పవర్ మిగిలుంది" అని ఫోన్ టవర్‌కి చెప్పుకునే మాట అది. మునుపు నాలుగైదు డీబీ మిగులు చూపించినవాళ్లు ఇప్పుడు సున్నాకి, మైనస్‌కి వెళ్లిపోయారు. అంటే వేలమంది జేబుల్లో బ్యాటరీలు ఊరికే కరిగాయి. చివరికి ఇద్దరం కూర్చుని, ఒకే రాత్రి రెండు క్లస్టర్లనీ కలిపి దించాం. తెల్లారి అప్‌లోడ్ అంకెలు కదల్లేదు, హెడ్‌రూమ్ తిరిగొచ్చింది. ఆ గ్రాఫ్ చూసినప్పుడు కలిగిన సిగ్గు, సంతోషం రెండూ గుర్తున్నాయి.

మేం చేసినదానికి పుస్తకాల్లో పేరుంది, నాష్ ఈక్విలిబ్రియం. ఎవడికి వాడు పెంచుకోవడమే మేలనిపిస్తుంది, అందరూ పెంచాక అందరికీ నష్టం. గుడ్‌మన్, మందయం వాళ్లు ఫోన్లని ఆటగాళ్లుగా, జౌల్‌కి ఎన్ని బిట్లు పంపగలిగాడన్నదాన్ని లాభంగా పెట్టి ఈ లెక్క చేశారు. వాడిన పవర్‌కి ధర పెడితే అందరూ తక్కువ పవర్‌తో మెరుగైన చోటికి చేరతారని చూపించారు. నీ ప్రాజెక్టులో ఒక అధ్యాయానికి ఇది బాగా పనికొస్తుంది.

ఇప్పుడు నీ అసలు బాధ, మొత్తం ఎందుకు పడిపోయిందన్నది. దగ్గరివాడి ఎస్‌ఐఎన్‌ఆర్ 30 నుంచి 20 డీబీకి దించావనుకో. షానన్ సూత్రంతో (ఇంత ఎస్‌ఐఎన్‌ఆర్‌కి గరిష్ఠంగా ఎన్ని బిట్లు పోగలవో చెప్పేది) లెక్కేస్తే హెర్ట్జ్‌కి 9.97 బిట్ల నుంచి 6.66కి పడ్డాడు, నష్టం 3.3. అంచువాడు మైనస్ 5 నుంచి ప్లస్ 5 డీబీకి లేస్తే 0.4 నుంచి 2.06కి వచ్చాడు, లాభం 1.66. మొత్తం తగ్గింది. కానీ ఆ 9.97 బిట్లు ఏ ఫోన్ పంపుతుంది చెప్పు? 64 క్యామ్ అనే మాడ్యులేషన్‌తో 4జీలో గరిష్ఠం 5.55 బిట్లు. తొలినాళ్ల 4జీ ఫోన్లు చాలావరకు అప్‌లింక్‌లో 16 క్యామ్ దగ్గరే ఆగేవి. నీ కోడ్‌లో రేటుకి 5.55 మూత పెట్టు. దగ్గరివాడు 30 డీబీలో ఉన్నా 20లో ఉన్నా అదే 5.55. వాడు పోగొట్టుకున్నది ఏమీ లేదు, అంచువాడి 1.66 నికరంగా చేతికొచ్చింది. నీకు కనబడిన నష్టంలో పెద్దభాగం కాగితం మీది నష్టమే అని నా అనుమానం. ముందు ఇది చూడు, మిగతావన్నీ తర్వాత.

మూత పెట్టాక కూడా మొత్తాన్నే పట్టుకుని వేలాడతానంటే అది ఎక్కడికి తీసుకెళ్తుందో కూడా తెలుసుకో. ఇందాకటి రెండు లింకులే, కాకపోతే పక్కలింక్ గెయిన్ 0.6. ఇద్దరూ ఫుల్ పవర్ అయితే ఒక్కొక్కరికి 1.28 బిట్లు, కలిపి 2.56. ఒకడిని పూర్తిగా ఆపేస్తే రెండోవాడొక్కడికే 3.46. మొత్తం పెంచమని అడిగితే గణితం నిర్మొహమాటంగా ఒకడి నోరు మూయిస్తుంది. రెండు లింకులకైతే సరైన జవాబు ఎప్పుడూ మూలల్లోనే ఉంటుంది, ఇద్దరూ ఫుల్ లేదా ఒకరు సున్నా. లింకులు పెరిగేకొద్దీ ఆ మూలలు వెతకడం కూడా కష్టమైపోతుంది. అది ఎన్‌పీ-హార్డ్ (పెద్దదయ్యేకొద్దీ త్వరగా తేల్చే దారి తెలియని లెక్క) అని 2008లో లువో, జాంగ్ చూపించారు. డబ్ల్యూఎంఎంఎస్ఈ లాంటి ఆల్గోరిథాలు మంచి జవాబు దగ్గరికి తీసుకెళ్తాయి గానీ అదే అత్యుత్తమమని హామీ ఇవ్వవు. ఇంకో సంగతి గమనించు. అదే ఇద్దరికీ సగం సగం సమయం ఇచ్చి ఒంటరిగా పంపనిస్తే ఒక్కొక్కరికి 1.73. ఇద్దరికీ 1.28 కంటే మేలు! ఇంటర్‌ఫియరెన్స్ అంత బలంగా ఉన్నచోట పవర్‌తో కుస్తీ పట్టడంకంటే వంతులు వేసుకోవడం మంచిది. అందుకే పవర్ కంట్రోల్‌ని షెడ్యూలర్ నుంచి విడదీసి చూడొద్దు.

నేనైతే నీ ప్రాజెక్టులో మొత్తాన్ని పక్కన పెట్టి, ప్రతి యూజర్ రేటు లాగ్‌ల మొత్తం తీసుకుంటా. ప్రొపోర్షనల్ ఫెయిర్‌నెస్ అంటే అదే. ఒకడిని సున్నాకి తోస్తే లాగ్ మైనస్ అనంతానికి పోతుంది, కాబట్టి ఎవరినీ చంపదు. అలాగని బలహీనుడి కోసం అందరినీ కిందికి లాగదు. ఫలితాలు చూపేటప్పుడు సగటుతో పాటు 5వ పర్సెంటైల్ (అట్టడుగు 5 శాతం మంది దాటని) యూజర్ రేటు తప్పకుండా వెయ్యి. అంచువాళ్లు కనబడేది అందులోనే. ఆల్ఫాని 0.6, 0.8, 1 అని మార్చుతూ, ప్రతిదానికీ పీ-నాట్‌ని రెండేసి డీబీ చొప్పున జరుపుతూ రెండు అంకెలనీ ఒకే గ్రాఫులో గీస్తే మీ గైడ్ అడగబోయే సగం ప్రశ్నలకి జవాబు దానంతటదే వస్తుంది. ఏడు సెల్స్‌లో బయటి ఆరింటికీ అవతల ఎవరూ లేరు, వాటికి ఇంటర్‌ఫియరెన్స్ అబద్ధంగా తక్కువ పడుతుంది. కాబట్టి మధ్య సెల్ అంకెలే తీసుకో, లేదా వ్రాప్-అరౌండ్ (ఒక అంచుని ఎదుటి అంచుకి కలిపెయ్యడం) రాయి. షాడోయింగ్ (భవనాల లాంటివి అడ్డుపడి సిగ్నల్ తగ్గడం) వెయ్యడం మరిచిపోకు. అది లేకపోతే అంచు అన్నది గీత గీసినట్టు ఉంటుంది, బెంగళూరులో ఏ సెల్ అంచూ అలా ఉండదు.

నీ మోడల్‌లో లేనిది, ఫీల్డ్‌లో నన్ను ఎక్కువ ఏడిపించినది ఒకటుంది, ప్రైవేటు సిగ్నల్ బూస్టర్లు. ఒక సెక్టార్‌లో (టవర్‌కి ఒక వైపు ప్రాంతం) అప్‌లింక్ నాయిస్ రోజూ పొద్దున తొమ్మిదికి లేచి రాత్రి ఎనిమిదికి పడుకునేది, ఆదివారం ప్రశాంతం. యాగీ (ఒక దిక్కు నుంచే బాగా పట్టే) యాంటెనా పట్టుకుని మేడలెక్కి దిగి రెండురోజులు వెతికితే ఒక దుకాణం బేస్‌మెంట్‌లో దొరికింది. షట్టర్ తియ్యగానే స్విచ్ వేసేవారు. పెట్టినాయన మంచివాడే, లోపల సిగ్నల్ రావడం లేదని కొనుక్కున్నాడు. కానీ ఆ పెట్టె టవర్ మాట వినదు. "తగ్గించు" అని ఫోన్‌కి చెప్పగలం, దానికి చెప్పలేం. అది పోసే నాయిస్‌కి తట్టుకోవడానికి ఆ సెక్టార్‌లో ఉన్న ప్రతి ఫోనూ రోజంతా పవర్ పెంచుకుంది. అనుమతి లేకుండా బూస్టర్ పెట్టడం చట్టవిరుద్ధం. మీ పీజీ ఓనరు పెట్టిస్తానంటే ఈ మాట చెప్పు.

ఫోన్ వేడి గురించి. తెరమీద గీతలు చూపేది టవర్ నుంచి నీకు ఎంత వస్తోందన్నది మాత్రమే. నువ్వు పంపడానికి ఎంత కష్టపడుతున్నావో అవి చెప్పవు. గ్రౌండ్ ఫ్లోర్‌లో, నాలుగు గోడల అవతల నీకు మైనస్ 110 అందుతోందనుకో. పైన వేసిన లెక్క ప్రకారం రెండు ఆర్‌బీలకే 23 డీబీఎం, అంటే 200 మిల్లీవాట్లు యాంటెనా నుంచి పోవాలి. యాంప్లిఫయర్ అందుకోసం బ్యాటరీ నుంచి దానికి ఎన్నోరెట్లు లాగుతుంది, మిగిలినదంతా వేడే. కిటికీ దగ్గరికెళ్తే 10 డీబీ కలిసొస్తుందనుకో, ఆల్ఫా 0.8తో ఫోన్ 8 డీబీ దించుకుంటుంది. 200 మిల్లీవాట్ల నుంచి 32కి. రాత్రి ఇంటికి వీడియో కాల్ చేసేటప్పుడు మంచం దగ్గర పది నిమిషాలు, కిటికీ దగ్గర పది నిమిషాలు మాట్లాడి చూడు, చేతికే తెలుస్తుంది. పీజీలో వైఫై సరిగ్గా ఉంటే కాల్ దాని మీదికి మార్చుకోవడం ఇంకా మేలు.

రేటుకి మూత పెట్టి ఒకసారి రన్ చేసి, ఆల్ఫా మూడు విలువలకీ 5వ పర్సెంటైల్ గ్రాఫ్ ఇక్కడ పెట్టు. 23 డీబీఎం దగ్గర ఎంతమంది ఇరుక్కున్నారో కూడా రాయి. ఆదివారం కూర్చుని చూస్తా.